తొట్టి నీళ్ళు

ఏడేళ్ళుగా నేనొక ప్లాస్టిక్ మగ్గు బరువు మోస్తున్నాను. వినడానికి నవ్వొస్తుంది కదూ? నాకూ ఒక్కోసారి వస్తుంది, కానీ ఎక్కువసేపు నిలవదు. నా భార్యకు చెప్పలేదు. ఎవరికి అన్యాయం చేశానో అతనికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. అతని పేరు మార్చాను. బండి కంపెనీ పేరు కూడా చెప్పను. మా నెల్లూరు తీరం మొత్తానికి నాకు తెలిసి అలాంటిది ఒక్కటే ఉంది. చెబితే ఎవరిదో తెలిసిపోతుంది.

నాది ఇందుకూరుపేట వైపు చిన్న షాపు. రొయ్యల గుంటల్లో నీళ్ళు చిలికే ఏరియేటర్లు ఉంటాయే, వాటి మోటార్లు బాగుచేస్తాను. ఉప్పు నీళ్ళు మోటార్లను తింటాయి, వాటిని బాగుచేసి నేను తింటాను. ఇనుమును ఉప్పు ఎలా కొరుకుతుందో, అల్యూమినియాన్ని ఎలా తెల్లటి పొడి చేస్తుందో, దానికి ఎన్నాళ్ళు పడుతుందో నాకు తెలిసినంతగా మా మండలంలో ఇంకొకరికి తెలియదు. గొప్పకు చెప్పడం లేదు. తెలియక చేశానని నేను అనలేను, అందుకు చెబుతున్నాను.

సుధాకర్ నా చిన్ననాటి స్నేహితుడు. బడిలో ఒకే బెంచీ. ఇటలీ మోటారు సైకిళ్ళ పిచ్చి ముందు పట్టింది నాకు. నెల్లూరులో పాత పుస్తకాలు అమ్మేచోట ఇంగ్లీషు పత్రిక ఒకటి దొరికింది. అందులో వెండి రంగు బండి, గుండ్రటి ఇంజను కేసు, ఒక సిలిండరు నిలబడి, ఇంకొకటి ముందుకు పడుకుని. ఆ పేజీ చింపి నా ట్రంకుపెట్టె మూతకు లోపలివైపు అంటించుకున్నాను. తర్వాత అన్నీ నోటికి వచ్చేశాయి. డెబ్బైల నాటి పాతవి, తొంభైలలో వచ్చిన ఎర్రవి, ఇప్పుడు ముక్కుకు రెక్కలు పెట్టుకుని వస్తున్న కొత్తవి. కొత్తవి ఎంత వేగమైనా నా మనసు తొంభైల దగ్గరే ఆగింది. సీటు కింద రెండు సైలెన్సర్లు, వెనక చక్రాన్ని ఒక పక్క నుంచే పట్టుకున్న ఒంటి చెయ్యి, నూనె తగలకుండా పొడిగా తిరిగే క్లచ్, దాని గలగల. ఇవన్నీ మైపాడు సముద్రపొడ్డున ఇసుకలో కూర్చుని పుల్లతో గీసి సుధాకర్‌కు నేనే చెప్పాను. వాడు శనక్కాయలు ఒలుచుకుంటూ వినేవాడు. వింటున్నాడో లేదో కూడా తెలిసేది కాదు.

పెద్దయ్యాక నేను షాపు పెట్టుకున్నాను, వాడు గుంటలు వేశాడు. ఒక ఏడాది రెండు పంటలు వరసగా కలిసొచ్చాయి. చెన్నైలో ఎవరో అమ్ముతున్నారని తెలుసుకుని, నాతో ఒక్క మాట అనకుండా వెళ్ళి, ఆ ఎర్ర బండిని ట్రక్కులో వేసుకుని నేరుగా నా షాపు ముందు దించాడు. నన్ను ఆశ్చర్యపరచాలని. టార్పాలిన్ తీశాక నాకు మొదట వచ్చిన ఆలోచన ఏమిటో తెలుసా? ఇది నాది కదా, అని. బండి బాగుందని కాదు, వాడు సంతోషంగా ఉన్నాడని కాదు. నాది, వీడి దగ్గర ఎందుకుంది, అని.

తాళం నా చేతిలోనే పెట్టాడు. ముందు నువ్వే నడపాలన్నాడు. మైపాడు దాకా వెళ్ళొచ్చాను. వెళ్ళేటప్పుడు బాగానే ఉంది. ఎరువు సొమ్ము బరువు చేటని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు, తాళం తిరిగి ఇచ్చేటప్పుడు తెలిసింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. కళ్ళల్లో నిప్పులు పోసుకోవడం అంటారే, నేను స్వయంగా, నా చేతులతోనే పోసుకున్నాను.

అయినా అక్కడితో ఆగేవాణ్ణేమో. మైపాడు రోడ్డు మీద టీ కొట్టు దగ్గర ఒక ఆదివారం బండి ఆపాం. నలుగురూ చేరారు. ఆ గలగల విని ఒకతను, బండి చెడిందా అన్నా అని అడిగాడు. సుధాకర్ నవ్వి, "రోగం కాదబ్బయ్యా, పొడి క్లచ్చి. ఆ శబ్దం ఇనేదానికే దీన్ని కొంటారు" అన్నాడు. అది నా మాట. అక్షరం పొల్లుపోకుండా నా మాట. నేను రెండు టీ గ్లాసులు పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాను. వాడు నావైపు చూడలేదు. బండి తీసుకున్నాడు సరే, మాట కూడా తీసుకున్నాడే అనిపించింది. ఆలోచిస్తే వాడు చేసిన తప్పేముంది? స్నేహితుడు చెప్పింది స్నేహితుడు చెప్పుకున్నాడు. ఇది ఇప్పుడు తోస్తోంది. అప్పుడు తోచలేదు.

సముద్రం దాకా వెళ్ళొచ్చిన బండిని అదే రోజు మంచి నీళ్ళతో కడగాలి. ఇది మా వైపు చిన్నపిల్లలకు కూడా తెలుసు. సుధాకర్ ఇల్లు గుంటల దగ్గరే, అక్కడ బోరు నీళ్ళు ఉప్పు, తాగడానికి క్యాన్లు కొనుక్కుంటారు. అందుకని ఆదివారాలు బండి నా దగ్గర వదిలేవాడు. నా షాపు ముందు మంచినీళ్ళ కుళాయి ఉంది. వెనకవైపు సిమెంటు తొట్టి ఉంది. అందులో ఉండేవి ఉప్పటి గుంట నీళ్ళు. బాగుచేసిన మోటారును గుంట నీళ్ళలోనే తిప్పి చూసి ఇవ్వడం నా పద్ధతి.

టీ కొట్టు సంగతి జరిగిన రోజు కరెంటు లేదు, కుళాయి రాలేదు. ఈ ఒక్కసారికే అనుకుని తొట్టిలో మగ్గు ముంచాను. మరుసటి ఆదివారం కుళాయి వచ్చింది. ధారగా వచ్చింది. నేను దాన్ని కట్టేసి వెనక్కి వెళ్ళి మగ్గు ముంచాను. నా ఒప్పుకోలు ఇదే. మిగిలినదంతా దీని తోకే.

ఒక వేసవి, ఒక వానాకాలం అలా కడిగాను. పైన గుడ్డతో తుడిచి మైనం పట్టించేవాణ్ణి, అద్దంలా మెరిసేది. కింద కీళ్ళల్లో, వైర్లు కలిసే చోట, బ్రేకు దగ్గర, ఉప్పు ఎక్కడ దాక్కుంటుందో నాకు తెలిసిన ప్రతి చోటా మగ్గుతో నింపాదిగా పోసేవాణ్ణి. సుధాకర్ సాయంత్రం వచ్చి బండి చుట్టూ తిరిగి చూసి మురిసిపోయి, కవరులో రొయ్యలు తెచ్చి ఇచ్చేవాడు. మా ఇంట్లో వాటిని వేపుడు చేసుకుని తినేవాళ్ళం.

ఏం కోరుకున్నాను నేను? బండి మొరాయించాలి, వాడికి విసుగు పుట్టాలి, వీడికి ఇది తగదురా అని ఊరు అనాలి. అంతే అనుకున్నాను. వాడికి దెబ్బ తగలాలని అనుకోలేదు. నిజమేనా? బ్రేకు మీద పోసిన నీళ్ళు దేనికి పోసినట్టు? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ప్రతిసారీ సగంలోనే లేచి ఏదో ఒక పని పెట్టుకుంటాను.

ఒక పొద్దున రోడ్డుకు అడ్డంగా గేదెలు వచ్చాయి. వాడు ముందు బ్రేకు పట్టాడు. అది ఒక పక్క పట్టి, ఇంకో పక్క పట్టలేదు. బండి జారింది. వాడి కుడి మణికట్టు రెండుచోట్ల విరిగింది. ప్లేట్లు వేశారు. ఎముక అతికింది కానీ, ఆ చెయ్యి తిరగవలసినంత తిరగదు.

బండిని నా షాపుకే తెచ్చారు. బ్రేకు విప్పాను. లోపల పిస్టన్ల చుట్టూ తెల్లటి పొడి. రోజూ చూసే పొడే. సుధాకర్ కట్టు కట్టిన చేతిని మెడకు వేలాడేసుకుని వచ్చి పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏమైందిరా దానికి?" అన్నాడు.

"ఉప్పు" అన్నాను. ఆ రోజు నా నోటి నుంచి వచ్చిన నిజం అదొక్కటే.

వాడు వంగి ఆ పొడిని చూశాడు. "నేనే గదరా దీన్ని చంపుకునింది. గుంటల కాడ రేకుల కింద పెట్టుంటిని, ఉప్పు గాలికి. నువ్వు ఆదివారం ఆదివారం అంత బాగా కడిగి ఇస్తే, వారమంతా నేను పాడుచేసినా."

నోరు తెరిచాను. ఆ క్షణంలో చెప్పి ఉండవచ్చు. చెప్పాలనే తెరిచాను. వచ్చిన మాట ఇది: "నేను ముందే చెప్పుంటిని గదా, అక్కడ పెట్టొద్దని."

నేనెప్పుడూ చెప్పలేదు.

"అవున్రా, చెప్పుంటివి. నేనే ఇనలా" అన్నాడు. అలా అని నమ్మాడు. నేను చెప్పని మాట వాడికి గుర్తొచ్చింది! తర్వాత ఎడమ చేత్తో జేబులోంచి తాళం తీసి నా పనిబల్ల మీద పెట్టాడు. "ఈ చేత్తో ఇంక యాక్సిలేటర్ తిప్పలేను. నీ కాడే పెట్టుకో. అసలిది నీ బండేరా. మైపాడు ఇసకలో నువ్వు పుల్లతో గీసిన పొద్దే అనుకున్నా, ఎప్పటికైనా వీడికి దీన్ని చూపియ్యాల అని."

అంటే వాడు విన్నాడు. శనక్కాయలు తింటూ అంతా విన్నాడు.

బండిని మళ్ళీ నిలబెట్టాను. దొరకని సామాన్లు ఎక్కడెక్కడి నుంచో తెప్పించాను. ఇప్పుడు ఒక్క బటనుకు స్టార్టవుతుంది, అదే గలగల. ఈ ఏడేళ్ళలో షాపు గేటు దాటించలేదు. ఆదివారం సుధాకర్ వస్తాడు, స్టూలు మీద కూర్చుని శబ్దం వింటాడు. నేను కుళాయి నీళ్ళతో బండి కడుగుతాను. ఎంత బాగా చూసుకుంటుండావురా అంటాడు. ఇప్పటికీ కవరులో రొయ్యలు తెస్తాడు. మా ఇంట్లో ఇప్పటికీ వండుతారు. నాకు పడవని చెప్పి ముట్టడం మానేశాను.

వాడికి ఎందుకు చెప్పను? చెబితే నన్ను వదిలేస్తాడని భయమా? కాదనుకుంటాను. క్షమిస్తాడని భయం. అప్పుడు క్షమించగలిగే గుణం కూడా వాడిదే అవుతుంది. చూశారా, ఈ ఒప్పుకోలులో కూడా వాడి మీద అసూయే.

కుళాయి వస్తుండగా తొట్టిలో మగ్గు ముంచింది నేనే. తెలిసి ముంచాను. ఈ రెండు ముక్కలు ఎక్కడా ఇంతవరకు పైకి అనలేదు, రాయలేదు. రాశాక నా చెయ్యి కాస్త తేలికగా ఉంది. వాడి చెయ్యి మాత్రం ఎప్పటిలాగే సగమే తిరుగుతుంది.