గోరింటాకు వేళ్ళకు క్లిప్పు

నిన్న బాపట్ల ఆసుపత్రిలో మా అక్క కూతురిని మెడ ఆపరేషనుకు లోపలికి తీసుకెళ్ళే ముందు నర్సమ్మ ఆ పిల్ల గోళ్ళరంగును దూదితో తుడుస్తుంటే నాకు అక్క గోరింటాకు వేళ్ళు కళ్ళముందు మెదిలాయి. ఎందుకో మన ఈడువాళ్ళకు చెబితేనే అర్థమవుతుంది, ఇప్పటివాళ్ళకు ఇదంతా చాదస్తం.

నేను తెనాలిలో ఒక చిన్న నర్సింగ్ హోములో నర్సుగా చేరిన కొత్తల్లో, మెడ మీద గడ్డ తీయించడానికి అక్కను రేపల్లె నుంచి అక్కడికే తీసుకొచ్చారు. అది ఆషాఢమాసం. ఆపరేషనని తెలిసి కూడా మా అమ్మ, ఏడాదికోసారి వచ్చే ముచ్చట మానకూడదంటూ, అక్క పది వేళ్ళకూ గోరింటాకు టోపీలు పెట్టి, పాదాలను సైతం వదల్లేదు. మా థియేటరులో గుండె సంగతి చెప్పేది వేలికి తగిలించే క్లిప్పు మిషను ఒక్కటే, దానికేమో ఆ ఎరుపు గిట్టక మొదటినుంచీ తిక్కతిక్కగానే కూసింది. "ఈ గోరింటాకొకటి మా ప్రాణానికి!" అని మత్తు డాక్టరుగారు విసుక్కుంటూనే ఉన్నారు.

తీరా సర్జనుగారు గడ్డను పక్కకు లాగేసరికి మిషను మూగబోయింది. అందరం గోరింటాకునే తిట్టుకుంటూ, క్లిప్పును ఈ వేలికీ ఆ వేలికీ, చివరికి కాలివేలికీ మారుస్తుండగా, మత్తు డాక్టరుగారికి అనుమానమొచ్చి అక్క కణత మీద వేలుంచి చూసి, "చెయ్యి తియ్యండి సార్, గుండె ఆగింది!" అని అరిచారు. మెడలో ఆ చోటు ఒత్తుకుంటే గుండె నెమ్మదిస్తుందట, ఒక్కోసారి ఆగిపోతుందట. చెయ్యి తీసి సూదిమందు ఇస్తే మళ్ళీ కొట్టుకుంది, గడ్డను ముట్టుకోగానే మళ్ళీ జారిపోయింది. నర్సునై ఉండి, తోడబుట్టినదాని చెయ్యి పట్టుకుని గుడ్లప్పగించి చూడడం తప్ప నాకు చేతనైంది ఏమీ లేదు. అయ్యో, అలాంటి గడియ పగవాళ్ళకు కూడా వద్దు!

చివరికి సగం గడ్డను అలాగే వదిలేసి కుట్లు వేశారు. తెలివి రాగానే అక్క బొంగురు గొంతుతో "మొత్తం తీసేశారా?" అని అడిగితే, తీసేశారక్కా అన్నాను, ఇంకేమనను?

ఇప్పుడు ఛాతీ నిండా వైర్లు, తల పక్కన తెర, గుండె కాస్త తడబడినా గోలపెట్టే మిషన్లు ఉన్నాయని, "కంగారుపడకు పిన్నీ" అంటూ ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పి వెళ్ళింది, దేవుడి దయవల్ల చల్లగా బయటపడింది కూడా. కాలం మంచికే మారింది, కాదనను. కాని ఆనాడు నా వల్ల ఏమీ కాకపోయినా అక్క చెయ్యైనా నా చేతిలో ఉంది. నిన్న ఆ థియేటరు తలుపు మూశాక, నా రెండు చేతులనూ ఏం చేసుకోవాలో నాకు తెలియలేదు.