ఉక్కుకు బంగారు అంచు

మొన్న మా మేనల్లుడు కొత్తగా కొన్న పాత గడియారమొకటి నా అరచేతిలో పెట్టాడు. ఉక్కు చల్లగా తగిలింది, టిక్కుటిక్కు వేళ్ళలోకి పాకింది. వాడికి గడియారాలు పోగుచేసే పిచ్చి. "ఇట్ల ఉక్కూ బంగారం కలిసినవంటే మా అసుంటోళ్ళు పడి చస్తరత్తా. ఆఫీసుకు పెట్టుకోవచ్చు, పెళ్ళికీ పెట్టుకోవచ్చు" అన్నాడు. తర్వాత నా మణికట్టు వైపు ఆశగా చూశాడు. "నీది నాకెప్పుడిస్తవ్?"

"నాదైతే గదా ఇయ్యడానికి" అన్నాను.

బోయిగూడలో మా పక్క వాటాలో ఇమాం చాచా గడియారాలు బాగుచేసేవాడు. బాగుచేసిన ప్రతిదాన్నీ ఒక రోజు చేతికి కట్టి నడిపించి చూడనిదే తిరిగి ఇచ్చేవాడు కాదు. కానీ మగవాళ్ళు బంగారం పెట్టుకోవడం వాళ్ళ మతంలో కూడదు. అందుకని బంగారు అంచున్నవాటిని నా చేతికి కట్టేవాడు. నేను అప్పుడే మిషన్ బడిలో టీచరుగా చేరాను. పొద్దున కట్టుకుని వెళ్ళి, సాయంత్రం తెచ్చి ఇచ్చేదాన్ని. "ఉన్నది ఉన్నట్టు చెప్పు బిడ్డా. గడియారం అబద్ధమాడితే బాగుచేస్త. మనిషి ఆడితే నాతోని కాదు" అనేవాడు.

అలా వచ్చిందే గఫూర్ సాబు గడియారం. ఆయన రైల్వేలో గుమాస్తా, చాచాకు చిన్ననాటి దోస్తు; బంగారం పట్టింపు మాత్రం ఆయనకు లేదు. ఉక్కు డబ్బా, చుట్టూ సన్నటి బంగారు అంచు. అది కట్టుకుని బడికి వెళితే తోటి టీచర్లంతా చుట్టూ మూగారు. నాకు కళ్ళు నెత్తికెక్కాయి. దాన్ని వదలబుద్ధి కాక, సాయంత్రం ఇచ్చే ముందు ముల్లును ఐదు నిమిషాలు వెనక్కి తిప్పేశాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

"బల్ల మీద మంచిగనే నడుస్తది. నీ చేతికి కడితే ఎందుకు ఎనుకబడ్తది?" అని చాచా తల గోక్కుని, మళ్ళీ విప్పేవాడు. మళ్ళీ నా చేతికే కట్టేవాడు.

అవి నిజాం రాజ్యం మీద పోలీసు చర్య జరిగిన కొత్త రోజులు. ముసల్మానులు పాకిస్తాన్‌కు వెళ్ళిపోతుంటే మా వీధిలో ఒక్కొక్క ఇంటికీ తాళం పడుతోంది. నాలుగో సాయంత్రం నేను బడి నుంచి వచ్చేసరికి చాచా గడప మీద కూర్చుని ఉన్నాడు.

"గఫూర్ వచ్చి పోయిండు. తమ్ముళ్ళతోని కరాచీకి పోతున్నడంట. గడియారం అడిగిండు. ఇంక సరిగ కాలే, తిరిగొచ్చినంక ఇస్త అన్న. తప్పు టైము చూపెట్టేది దోస్తు చేతికి ఎట్ల కడ్త?"

ఆయన ఎక్కిన రైలు బండి మధ్యాహ్నమే వెళ్ళిపోయింది. నేను అక్కడే కూలబడి, ఏడుస్తూ నిజం చెప్పేశాను. చాచా గడియారాన్ని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేదో!

మర్నాడు పొద్దున దాన్ని మళ్ళీ నా చేతికే కట్టాడు. "వాడొచ్చేదాక నడుస్తుండాలె. నేనైతే కట్టుకోరాదు గదా."

గఫూర్ సాబు రాలేదు, ఉత్తరమూ రాలేదు. స్టేషన్‌లో బండి కూత వినపడితే చాలు, చాచా చేతిలో పని ఆగిపోయేది. అది చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. ఏళ్ళ తరబడి రోజూ సాయంత్రం అదే ప్రశ్న: "ఎంత ఎనుకబడ్డది బిడ్డా?" ఆఖరి జబ్బులో, మంచం మీంచి కూడా అదే అడిగాడు.

చాచా పోయాక ఆ వాటాలోకి ఎవరెవరో వచ్చారు, వెళ్ళారు. నేను మాత్రం ఇప్పటికీ సాయంత్రం కాగానే రేడియో టైముతో ముల్లు సరిచూసి, మా రెండు వాటాల నడిమి గోడ వైపు తిరిగి చెబుతాను.

"ఇయ్యాల ఇరవై సెకన్లు, చాచా."