పాల చుక్క తగలని మామిడి పై

మా అక్క పాలు మానేసి ఎనిమిదేళ్ళు దాటింది. పాలంటే ఒక్క పాలే కాదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, టీలో పడే ఆ తెల్ల చుక్క, అన్నీ. ఆళ్ళగడ్డలో వాళ్ళింటికి పోతే మాకు చిక్కటి కాఫీ కలిపి ఇస్తుంది. తను మాత్రం బెల్లం నీళ్ళలో ఇంత మిరియాల పొడి వేసుకుని తాగుతుంది. పెళ్ళిళ్ళకు పిలిచినా, చర్చిలో ప్రేమ విందుకు పిలిచినా తన డబ్బా తను తీసుకుపోతుంది. బయట ఎవరు ఏం కలిపి ఉంటారో అని బేకరీ సరుకు ముట్టనే ముట్టదు. మొదట్లో జనం ఎందుకని అడిగేవాళ్ళు. ఆమె చెప్పేది కాదు. తర్వాత అడగడం వాళ్ళే మానేశారు.

మా ఇంట్లో వాళ్ళం అడగలేదు. మాకు తెలుసనుకున్నాం. చాలా ఏళ్ళు ఎదురుచూడగా అక్కకు మగబిడ్డ పుట్టాడు. మూడు నెలలు నిండకుండానే వాడికి జ్వరం తగులుకుంది. ఆళ్ళగడ్డ డాక్టరు నంద్యాలకు తీసుకుపొమ్మన్నాడు. దారిలోనే, అక్క ఒళ్ళోనే, బిడ్డ పోయాడు. అమ్మా నేనూ వెంటనే ఆళ్ళగడ్డకు పోయి అక్క దగ్గరే ఉన్నాం. బిడ్డ లేకపోయినా అక్కకు పాలు ఆగలేదు. రవికె మీద రవికె తడిసిపోయేది. అమ్మ మల్లెపూలు తెప్పించి, గుడ్డలో పరిచి, అక్క రొమ్ములకు అదిమి కట్టింది. పాలు ఇంకిపోవడానికి మా వైపు అట్లా కడతారు. ఒకరోజు పొద్దున అక్క స్నానాల గదిలో గోడకు తల ఆనించి, పాలు పిండి నేల మీద పారబోసుకోవడం తలుపు సందులోంచి చూశాను. అంతకంటే ఘోరం నేను ఇంతవరకూ చూడలేదు. ఆ పూటే అమ్మ, నీరసంగా ఉందని, గ్లాసు నిండా వేడి పాలు తెచ్చి ఇచ్చింది. అక్క గ్లాసు వైపు చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లేచిపోయింది. అంతే, ఆ రోజు నుంచి ముట్టలేదు. పాలు చూస్తే బిడ్డ గుర్తొస్తాడు కాబోలు అని మేమందరం అనుకున్నాం. ఎవరైనా అట్లాగే అనుకుంటారు.

తర్వాత నా పెళ్ళయింది, నంద్యాలలో కాపురం పెట్టాను, పాప పుట్టింది. అక్క ఆస్పత్రికి ఒక్కసారి వచ్చింది. గదిలోకి రాలేదు. వాకిట్లో నిలబడి, పాపకు తెచ్చిన గౌను అమ్మ చేతికిచ్చి, మళ్ళీ బస్సుకే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఏడాది పొడుగునా రమ్మంటే ఒక సాకు. మిరపకాయలు ఆరబోసినామనేది, దొర్నిపాడు దగ్గర చేలో బావ ఒక్కడే ఉన్నాడనేది, ఎండలు మండుతున్నాయనేది. చుట్టాల నోళ్ళు ఊరుకుంటాయా? ఓర్వలేకనే రాలేదన్నారు. నాకు ఒళ్ళు మండిపోయి, అన్నవాళ్ళను అక్కడికక్కడే కడిగేశాను. కానీ దాచుకోవడం ఎందుకు, నా కడుపులోనూ ఆ బాధ ఉంది. మేమిద్దరం ఒకే చాప మీద పడుకుని పెరిగాం. నా బిడ్డను ఒక్కసారి ఎత్తుకోకూడదా?

అందుకే పాప మొదటి పుట్టినరోజుకు అక్క రావాలని పట్టుబట్టాను. వచ్చి, మా మధ్య కూర్చుని, మాతో పాటు తిని, పాపను ఒళ్ళోకి తీసుకోవాలి. నాకు కావాల్సింది ఇంతే. డబ్బా తెచ్చుకుని మూలన కూర్చుని తినే అక్కను ఆ రోజు చూడదలుచుకోలేదు.

చిన్నప్పుడు మా నాయన నంద్యాలకు పనిమీద పోతే, తిరిగొచ్చేటప్పుడు బేకరీలో పండ్ల ముక్కలు పెట్టిన తియ్య పఫ్‌లు తెచ్చేవాడు. అక్కకు అవంటే ప్రాణం. లోపలి పండు నాకు పడేసి, పైపొరలు ఒక్కొక్కటే ఊడదీసి తినేది. కాగితంలో రాలిన పొట్టును కూడా వేలు తడిచేసి అద్దుకుని తినేది. అందుకే ఫోనులో పాలు, వెన్న, గుడ్డు ఏవీ లేకుండా చేసే ఫ్రూట్ పై కనబడగానే ఆగిపోయాను. వీగన్ అని దానికి పేరు. పైన పొరలు పొరలుగా విరిగే పిండి, లోపల ఉడికిన పండు. ఇదే చేయాలి అనుకున్నాను.

అక్కకు ఫోను చేశాను.

“అక్కా, ఈసారి కేకు లేదు. పాలు, నెయ్యి, గుడ్డు ఏమీ లేకుండా నీకోసం ఒకటి చేస్తాండా. నువ్వొచ్చి కోయాల.”

“నాకోసరం ఎందుకే ఇన్ని అగచాట్లు? పిల్లకు మంచి కేకు తెప్పించు.”

“అదంతా నాకొద్దు. వస్తావా, రావా?”

“వస్తాలే, ఏడ్వాకు,” అంది.

“నేను యాడ ఏడుస్తాండా?”

“నీ గొంతు నాకు తెలీదా?” అని పెట్టేసింది.

ఇక నా తిప్పలు మొదలయ్యాయి. ఫోనులో ఆ అమ్మాయి చల్లటి వంటింట్లో నిలబడి, నవ్వుతూ, చల్లటి కొబ్బరినూనె గడ్డను తురుముతుంది. తల్లీ, నంద్యాలలో మే నెలలో కుళాయిలోనే వేడినీళ్ళు వస్తాయి. కొబ్బరినూనె గడ్డకట్టడం ఎక్కడ? సరే, ఉన్నదానితో చేద్దామని వేరుశనగ నూనె పోసి కలిపాను. మహానంది నుంచి వచ్చిన అరటిపండ్లు లోపల పెట్టాను. ఇంట్లో ఓవెన్ లేదు కాబట్టి పాత దబరలో ఇసుక పోసి, సన్నమంట మీద, మూతపెట్టి కాల్చాను. పండు జావై కారిపోయింది. పిండి మాత్రం అట్లాగే బిగుసుకుంది. మా ఆయనది బేతంచెర్ల, నేలబండల వ్యాపారం. బండ బాగుందో లేదో వేలి కణుపుతో కొట్టి చూసే అలవాటు. నా పైని కూడా అట్లాగే కొట్టి, చెవి ఆనించి విన్నాడు.

“గట్టి సరుకే. పాలిష్ పట్టిస్తే వరండాలో పరుచుకోవచ్చు,” అన్నాడు.

“పరుస్తా, నీ నెత్తిన,” అన్నాను. కానీ నవ్వొచ్చింది.

తప్పు నా చేతిలో ఉంది. చపాతీ పిండి పిసికిన చేయి ఊరుకోదు, పిండి కనబడితే మర్దిస్తుంది. ఈ పిండిని పిసకకూడదు. డాల్డాలో పాల చుక్క ఉండదని ప్యాకెట్టు మీద చదివి చూసుకుని తెచ్చాను. ఫ్రిజ్ పై అరలో రాయిలా గట్టిపడనిచ్చి, చాకుతో శనగగింజలంత ముక్కలు కోసి, మైదాలో ఆ ముక్కలు ముక్కలుగానే ఉండేట్టు కలిపాను. ఐసు నీళ్ళు చిలకరించి పిండిని దగ్గరికి చేర్చడం, ఒత్తి మడవడం, మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టడం, మళ్ళీ ఒత్తి మడవడం. మధ్యలో కరెంటు పోయిందంటే డాల్డా కరిగి అంతా ముద్దే. అట్లా రెండుసార్లు పాడయింది. కరెంటోళ్ళను నోరారా తిట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాను. అరటి మానేసి బనగానపల్లె మామిడికాయలు, దోరగా ఉన్నవి, తీసుకున్నాను. ముక్కలు కోసి బెల్లం, కాస్త అల్లం, యాలకుల పొడి, ఒక చెంచా మొక్కజొన్న పిండి కలిపితే పులుపూ తీపీ సరిగ్గా నిలిచాయి. ఒకరోజు మధ్యాహ్నం దబర మూత తీసి ముక్క విరిస్తే పొరలు విడిపోయాయి. పాపను చంకనేసుకుని వంటింట్లోనే గంతులేశాను.

కానీ దబరలో కాలిస్తే అడుగు కాలుతుంది, పైన తెల్లగానే ఉంటుంది. మా వాళ్ళు క్రిస్మస్ ముందు కేకు పిండి కలిపి డబ్బాల్లో పోసి బేకరీకి తీసుకుపోతారు. బేకరీ వాళ్ళు తమ రొట్టెలు తీశాక, ఆ బట్టీ వేడిలోనే మన డబ్బాలు పెట్టి కాల్చిస్తారు. పుట్టినరోజు పొద్దున్నే నేనూ అట్లాగే మా వీధి చివరి బేకరీకి మామిడి పై ఉన్న పళ్ళెం తీసుకుపోయాను. “అన్నా, దీంట్లో గుడ్డు గిడ్డు ఏమీ లేవు, తినని వాళ్ళకోసం చేసినా. జాగ్రత్తగా కాల్చు,” అని బట్టీ ఆయనకు చెప్పి వచ్చాను. ప్రార్థన, చుట్టాల రాక అంతా సాయంత్రానికి. అక్క పొద్దున బస్సుకే బయలుదేరానని ఫోను చేసింది.

కాలిన పై తీసుకురావడానికి పోయేసరికి దాని మీద కళ్ళు నిలవలేదు. బంగారు రంగులో నిగనిగలాడుతోంది. నేను దాని మీద ఏమీ పూయలేదు.

“అన్నా, దీనిమీద ఏం పూసినావ్?”

“గుడ్డు తినరంటివి కదమ్మా. అందుకే గుడ్డు పూయలేదు. పాలు పూసినా,” అన్నాడు సంతోషంగా. “గుడ్డు తినని వాళ్ళకు మేం పాలే పూస్తాం. చూడు, ఎంత మెరుపొచ్చిందో.”

పాపం, ఆయన మంచికే చేశాడు. మంచికే చేశాడని తెలిశాక తిట్టడానికి కూడా లేకపోయింది. పళ్ళెం పట్టుకుని ఇంటికొచ్చాను.

ముందురోజే మా ఇంటికి వచ్చి ఉన్న అమ్మ సంగతంతా విని, “నోరు మూసుకోని ఉండు,” అంది. “పైపైన పూసిన పాలు. బట్టీలో కాలిపోయినాయి. దానికి తెల్దు. తిన్నాక ఏమీ కాలేదని చూస్తే, ఈ పంతమన్నా పోతాది.”

అమ్మను తప్పుపట్టలేను. కూతురు అందరిలా నాలుగు మెతుకులు పెరుగన్నం తింటే చూడాలని ఎనిమిదేళ్ళుగా ప్రార్థన చేస్తున్న మనిషి. నేనేదో అనబోయేసరికి గేటు చప్పుడైంది. అక్క వచ్చింది. చేతిలో సంచి, సంచిలో పాపకు గౌను. డబ్బా లేదు. డబ్బా తెచ్చుకోకుండా నా మాట మీద వచ్చింది. అది చూశాక ఇక నాకు అబద్ధం చేతకాలేదు.

పాప లోపలి గదిలో ఉయ్యాలలో నిద్రపోతోంది. అక్క హాల్లో కూర్చుని పళ్ళెంలోని మామిడి పై వంక చూసింది. వేలితో అంచు తాకింది. ఒక పొర ఊడి పళ్ళెంలో పడింది.

“నాయన తెచ్చినట్లే ఉందే,” అంది. ఆ ముఖంలో అంత వెలుగు నేను చూసి ఎన్నేళ్ళయిందో.

“అక్కా, తినాకు,” అన్నాను. “పైన పాలు పూసినారు. నేను పూయలేదు. బట్టీ ఆయన తెలీక పూసినాడు.”

అమ్మ తల పట్టుకుంది. అక్క వేలు వెనక్కి తీసుకుంది. కోప్పడలేదు. “పోనీలే, నువ్వు దాచలేదు కదా,” అంటూ వేలిని కొంగుకు తుడుచుకుంది.

అప్పుడే పాప లేచి గుక్కపట్టి ఏడ్చింది. అక్క ఉలిక్కిపడి, రెండు చేతులూ రొమ్ముకు అడ్డం పెట్టుకుని లేచి నిలబడింది. సంచి తీసుకుని వాకిలి వైపు నడిచింది. చెప్పులు వెతుక్కుంటోంది. నేను ఇంతకాలం బిగబట్టుకున్నదంతా తెగిపోయింది.

“నా బిడ్డ ఏడిస్తే లేచిపోతాండావా? అంత కానిదైపోయిందా నీకు?” అని అరిచాను.

అక్క ఇటు తిరిగింది.

“కానిదా? పిచ్చిదానా, అది ఏడుస్తాంటే నాకు చేపొస్తాందే.”

బిడ్డ ఏడుపు విన్నా, దూడ అరుపు విన్నా తల్లి పాలు ఉబికి వస్తాయి, దాన్నే చేపు అంటాం.

“బిడ్డ పోయిన వారంలోనే ఒకరోజు పొద్దున మా ఇంట్లో ఎనుము దూడ ఆకలికి అరిచింది,” అంది అక్క. “నాకు చేపొచ్చింది. రవికంతా తడిసిపాయ. నా బిడ్డ మట్టిలో ఉంటే, దూడ అరుపుకు పాలు! ఆ దూడ నోటికాడివే పిండి గ్లాసులో పోసి అమ్మ నాకిచ్చింది. ఇంగ ఏ తల్లి పాలూ నోట పెట్టుకోను అనుకున్యా. ఇప్పుడు పాలు యాడుంటాయే నాకు? అయినా గుంజుతాంది. ఆస్పత్రిలో నీ పాప ఏడిస్తే గుంజింది. అందుకే లోపలికి రాలేదు. ఎత్తుకుంటే ఇయ్యాలనిపిస్తాది. ఏమియ్యాల నేను?”

నేను పోయి అక్కను కరుచుకున్నాను. ఇద్దరం అట్లాగే నిలబడి ఏడ్చాం. లోపల పాప ఏడుపు ఎక్కువైంది. నా రవికె ముందు భాగం తడిసి, ఆ తడి అక్క చీరకు అంటింది. నేను వెనక్కి జరగబోయాను. ఆమెకు తెలియకూడదని కొంగు లాక్కున్నాను.

అక్క నా చేయి పట్టి ఆ కొంగును వదిలించింది.

“నా ముందర ఆపుకోవాకు. బేగా పోయి దానికియ్యి,” అంది.

లోపలికి పోయి పాపను ఎత్తుకున్నాను. అక్క వెళ్ళిపోయిందనే అనుకున్నాను. కానీ అడుగుల చప్పుడు గది దాకా వచ్చింది. అక్క బయటినుంచి తలుపు దగ్గరికి లాగి, ఆ తలుపుకే వీపు ఆనించి అవతల నేల మీద కూర్చుంది. పాప ఏడుపు ఆపి గుటకలు వేయడం మొదలుపెట్టింది. తాగి పక్కకు వాలేదాకా అక్క అక్కణ్ణుంచి లేవలేదు.