మలయా రాజుల వస్తువులు చూడబోయిన రోజు

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో, ఊళ్లోని చిన్న మ్యూజియంలో మలయా రాజకుటుంబం వస్తువుల ప్రదర్శన పెట్టారు. నేనప్పుడు కాలేజీలో చదువుతున్నాను. సంగతి తెలియగానే కోడుమూరు నుంచి మా మేనత్త బస్సెక్కి వచ్చేసింది. పెళ్లయిన కొత్తల్లోనే మామ రబ్బరు తోటల్లో పనికని మలయా వెళ్లాడు. యుద్ధం మొదలయ్యాక ఆయన కబురే లేదు.

బంగారు పిడి కత్తులనూ, వెండి తమలపాకుల పెట్టెలనూ అత్త చూడనే లేదు. ఊరేగింపు ఫొటోల్లో రాజు వెనక నిలబడ్డ జనం ముఖాల్లో మామను వెతికింది. అక్కడ వివరాలు చెబుతున్న పెద్దాయన మలయాలో ఉండి వచ్చాడని విని, దగ్గరికి పోయింది.

"అప్పా, మా ఇంటాయప్ప ఆ రాజ్యంలోనే ఉండాడు. యాడన్నా చూసినావా?" అని తోట పేరు చెప్పింది.

ఆయన తల దించుకున్నాడు. "ఆ తోటలో మొగోళ్లను జపానోళ్లు రైలుదారి పనికి అడవుల్లోకి తోలుకపోయినారమ్మా. తిరిగొచ్చినోన్ని ఒక్కన్ని గూడా నేను చూడలా."

అత్త ఏడవలేదు. పక్కనే అద్దాల బీరువాలో ఉన్న రాణిగారి జరీ పెళ్లిబట్టల ముందు చాలాసేపు నిలబడింది. "శానా బాగుండాయి," అంది.

బస్టాండులో నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మా అత్తకు చెప్పొద్దు పాపా. కొడుకొస్తాడని ఇంగా ఎదురుచూస్తాండాది."

ఆ ముసలమ్మ బతికున్నన్నాళ్లూ అత్త బొట్టు తీయలేదు. ముసలమ్మ దహనం ముగిసిన సాయంత్రం, ఎవరూ చెప్పకుండానే పెరట్లోకి వెళ్లి గాజులు పగలగొట్టుకుంది. అదెందుకో ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.