టీచరమ్మ నాటిన జమ్ము

తొంభైల చివర్లో యలహంకలో మేము ఇల్లు కట్టుకునేనాటికి, వీధి చివర చెరువులో నీళ్ళు కంటికి కనిపించేవి కావు. కొత్త లేఅవుట్ల మురుగంతా ఒక కాలువ వెంట వచ్చి అందులో పడేది. పైనంతా గుర్రపుడెక్క. సాయంత్రం గాలి ఇటు మళ్ళిందంటే అన్నం సయించేది కాదు.

ఎదురింటావిడ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. వీధిలో అందరికీ టీచరమ్మ. మేమంతా ఎవరో ఒకరిని తిట్టుకుంటూ కూర్చుంటే, ఆవిడ తన చుట్టాల ఊరి కుంటలోంచి నీళ్ళలో పెరిగే జమ్ముగడ్డి దుంపలు తవ్వించి, గోనెసంచుల్లో బస్సు మీద తెచ్చారు.

"రామ్మా, చీర ఎగ్గట్టుకో. కాలువ చెరువులో కలిసేకాడ నాటాల. దీని వేర్ల మధ్య మురికి నిలబడిపోతాది" అన్నారు నాతో.

మోకాటి లోతు బురదలో దిగాం. వాసనకు నేను కొంగు ముక్కుకు అడ్డం కట్టుకున్నాను. గట్టు మీద పోయే ఒకాయన నవ్వాడు. "ఏమక్కా, మోరీలో నాట్లేస్తా ఉండారా?"

"అవునప్పా, నువ్వూ దిగు" అన్నారావిడ. ఆయన దిగలేదు.

జమ్ము బతికింది. మరుసటి ఏడాదికి మనిషెత్తు పెరిగింది. వానలకు ముందు ఒక పొద్దున చూస్తే సగం మడి కోసేసి ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. టీచరమ్మ మాత్రం రాలిన ఆకుల జాడ పట్టుకుని నడిచారు. ఆ జాడ కదిరి వైపు నుంచి వచ్చిన ఇళ్ళు కట్టే బేల్దారి కూలీల గుడిసెల దగ్గర ఆగింది. ఒక గుడిసె మీద మా జమ్మే పచ్చగా పరిచి ఉంది.

లోపలి ఆమె కొడవలితోనే బయటికొచ్చింది. "ఎవురూ వేసింది కాదనుకుంటిమి. వానకు ఇల్లు కారితే బిడ్డను యాడ పండబెట్టేదమ్మా?"

టీచరమ్మ తలెత్తి కప్పు చూశారు. "బాగా కప్పినావే" అన్నారు. "కోసుకోండి. ఎండి నీళ్ళలో కుళ్ళేదానికన్నా మీరు కోసుకుపోతేనే చెరువుకు మేలు. అయితే నీళ్ళకు పైన జానెడు వదలాల. అప్పుడే మళ్ళీ చిగురిస్తాది."

కొడవలి కిందికి దిగింది. టీచరమ్మ ఆ మాట అన్న తీరు నేనిప్పటికీ తలుచుకుంటాను. నేనైతే ఆ గుమ్మంలో కొట్లాడి వచ్చేదాన్ని.

తర్వాతి ఆదివారం ఆ గుడిసె ఆమె ఇంకో ఇద్దరు ఆడవాళ్ళను వెంటబెట్టుకుని వచ్చింది. గుర్రపుడెక్క లాగి గట్టుకు వేశాం. లోతు తక్కువ చోట తుంగ, గట్టు జారకుండా వట్టివేరు, పైన కానుగ మొక్కలు నాటాం. నాలుగైదేళ్ళు పట్టింది. కాలువ మొదట్లో నీళ్ళు ఇప్పటికీ నల్లగానే వస్తాయి. జమ్ము దాటిన తర్వాత మాత్రం తేటపడ్డాయి, వాసన బాగా తగ్గింది. ఒక వానాకాలం తుంగలో నీటికోడి గూడు పెడితే, టీచరమ్మ మమ్మల్నెవరినీ అటు పోనివ్వలేదు.

మా చెరువు బాగుపడిందని విని హూడి వైపు నుంచి కొందరు వచ్చి, తమ చెరువుకూ దారి చూపమని అడిగారు. టీచరమ్మ ఆ కదిరి ఆమెను పిలిచి ముందు నిలబెట్టారు.

"ఈమెను పిలుచుకపోండి. నాతో సమానంగా తెలుసు. బురదలో నాకన్నా బాగా నిలబడతాది."

ఆమె సిగ్గుపడుతూ కొంగు నడుముకు దోపుకుంది.