డిశ్చార్జి వేళకు వార్డులో లేని ఆవిడ

నర్సింగ్‌లో డాక్టరేట్ చేసేవాళ్ళకు చాలా ఏళ్ళు గైడుగా ఉన్నాను. రిటైరై రెండేళ్ళు కావస్తోంది. పొద్దున్నే కాఫీ తాగుతూ కూర్చుంటే నా దగ్గర చదువుకున్నవాళ్ళు గుర్తొస్తారు. అందరికంటే ముందు గుర్తొచ్చేది నేను మొదట్లో కాదు పొమ్మన్న అమ్మాయి. అమ్మాయి అంటున్నాను గానీ, నా దగ్గర చేరేటప్పటికే ఆమెకు నలభై దాటాయి. విశాఖలోనే ఒక పెద్దాసుపత్రి సర్జికల్ వార్డులో హెడ్ నర్సు. పుట్టింది జాలరి కుటుంబంలో.

ఆమె వార్డులో ఎప్పుడూ షుగరు వల్ల కాళ్ళకు పుళ్ళు పడినవాళ్ళు ఉండేవారు. ఎక్కువమంది చేపల వేటకు వెళ్ళేవాళ్ళే. ఉప్పునీళ్ళలో, ఐసులో, చెప్పుల్లేకుండా తిరిగేవాళ్ళు. స్పర్శ పోయిన కాలికి గాజుపెంకు దిగినా తెలియదు. నయం చేసి పంపిస్తే కొన్నాళ్ళకే అదే పుండుతో మళ్ళీ వచ్చేవారు.

"ఎందుకు తిరిగొస్తున్నారో తెలుసుకోవాలి మేడమ్. అదే నా ప్రాజెక్టు" అంది.

"అది నీ డ్యూటీ అమ్మా, పరిశోధన కాదు" అన్నాను.

పని చేసే చోటే సమస్యను పట్టుకోవాలి, అక్కడే మార్పు తెచ్చి, ఏం జరిగిందో రాయాలి అని క్లాసులో గంటలు గంటలు చెప్పేదాన్ని నేనే. తీరా ఒకరు అలాంటి సమస్యే పట్టుకొస్తే నా కంటికి చిన్నదిగా కనిపించింది.

ఆమె సరేనని వార్డుకు వెళ్ళిపోయింది. కొన్ని వారాల తర్వాత ఒక లాంగ్ నోట్‌బుక్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ప్రతి డిశ్చార్జికీ ఒక లైను. ఆ సమయంలో మంచం పక్కన నిలబడ్డది ఎవరో రాసుకుంది. తమ్ముడు. పక్కింటాయన. అల్లుడు. ఎవరూ లేరు. మళ్ళీ తమ్ముడు.

"ఇదేమిటి?" అన్నాను.

నాతో ఎప్పుడూ పుస్తకాల తెలుగులో మాట్లాడే మనిషి, ఆ రోజు హుషారులో ఇంటి మాటలోకి జారిపోయింది. "డిశ్చార్జి పదకొండింటికి ఇత్తాం గదా మేడమ్. కట్టు ఎలగ కట్టాలో, కాలు ఎలగ సూసుకోవాలో అప్పుడే సెప్తాం. ఇంటికాడ కట్టు కట్టేది పెళ్ళాం. ఆ టైముకి ఆవిడ బజార్లో సేపలమ్ముకుంటాది. మనం సెప్పేది ఒకలికి, సేసేది ఇంకొకలు!"

నోట్‌బుక్ మూసేశాను. నేనూ ఏళ్ళ తరబడి వార్డుల్లో తిరిగినదాన్నే. నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. "రేపే ప్రపోజల్ రాయి" అన్నాను. క్షమించమని అడగాలనిపించింది గానీ, ఆ రోజుల్లో నాకు అంత నోరు రాలేదు.

ఆమె ఆలోచన తేలికైనదే. బేరాలు అయ్యాక మధ్యాహ్నం ఆడవాళ్ళను వార్డుకు రప్పించాలి. నర్సు పక్కనుండగా వాళ్ళ చేతులతోనే కట్టు కట్టించాలి. ఆ తర్వాతే రోగిని ఇంటికి పంపాలి. అనుమతులకే నెలలు పట్టింది. తోటి నర్సులు అదనపు పని అని విసుక్కున్నారు. దాంతో మొదట్లో తన డ్యూటీ దిగాక తనే ఉండిపోయి నేర్పింది.

ఒకరోజు చూడ్డానికి వెళ్ళాను. రెండు కాలివేళ్ళు తీసేసిన ఒక జాలరి, పక్కన అతని భార్య. బజారు నుంచి నేరుగా వచ్చి, కుళాయి దగ్గర ముమ్మారు సబ్బుతో చేతులు కడుక్కుంది. గాజుగుడ్డ అందుకుని అతని కాలి దగ్గర కూర్చుంది.

"వంజరం సేపని కళ్ళు మూసుకుని కోసేత్తాను. ఈ సెయ్యేటమ్మా ఇలగ వణుకుతంది?" అంది.

"బయపడకే, నాకు నొప్పి తెలీదు" అన్నాడతను.

"తెలీకే గదా ఇంతకొచ్చింది" అంది ఆమె, తల ఎత్తకుండా.

నా విద్యార్థిని ముందుకు వంగింది. వంకరపోతున్న ఆ మణికట్టును కాస్త సరిచేసి తన చెయ్యి వెనక్కి తీసుకుంది. నేనైతే ఆపాటికి పది జాగ్రత్తలు చెప్పి ఉందును.

చాలామంది పుళ్ళు మానాయి. చెకప్‌కి వచ్చినప్పుడు భార్యలే కట్టు విప్పి చూపించేవారు. కానీ భీమిలి వైపు నుంచి వచ్చిన ఒకాయన ఇంటికెళ్ళి వారం తిరక్కుండానే మళ్ళీ వేటకు వెళ్ళాడు. కాలు నల్లబడ్డాక తీసుకొచ్చారు. మోకాలి కింద నుంచి తీసేయాల్సి వచ్చింది.

ఆ రోజు నా విద్యార్థిని నా గదికి వచ్చి, "నాను ఆపేత్తాను మేడమ్" అని ఏడ్చింది. మంచినీళ్ళిచ్చి, కాసేపు ఏడవనిచ్చాను. "అందరికంటే ముందు అతని గురించే రాయి. ఏం జరిగిందో వాళ్ళింటికెళ్ళి అడుగు" అన్నాను.

వెళ్ళింది. అతని భార్య తిట్టలేదట. "కట్టు కట్టడం నేర్పినారు గానీ, ఈన్ని ఇంట్లో కూకోబెట్టడం నేర్పలేదు గదమ్మా" అందట.

ఆ మాటతో ప్రాజెక్టు దారి మారింది. అప్పటి నుంచి భార్యతో పాటు, బోటు నడిపే సరంగుకు కూడా కబురు పెట్టేది. కాలు మానిందని నర్సు చెప్పేదాకా ఆ మనిషిని బోటు ఎక్కించుకోనని అతని చేత మాట ఇప్పించేది. కొందరు సరంగులు నవ్వి వెళ్ళిపోయారు. కొందరు మాట నిలబెట్టుకున్నారు.

థీసిస్ పూర్తయ్యాక, వైవా రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ కళ్ళజోడు తీసి అడిగాడు. "సరంగుతో మాట్లాడటం నర్సింగ్ ఎలా అవుతుందమ్మా?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. ఆమె మాత్రం తడుముకోలేదు. "కాలు నిలవడానికి ఎవరితో మాట్లాడాలో వాళ్ళతో మాట్లాడటం మా పనే సార్."

ఆయన ఏదో రాసుకుని, ఇక ప్రశ్నలు లేవన్నాడు.

డాక్టరేట్ ఖాయమైందని ఆ మధ్యాహ్నం అందరం ద్వారకా నగర్‌లో ఒక హోటల్లో భోజనం చేశాం. మొదట్లో ఆమెను వద్దన్న సంగతి నేనే అందరి ముందూ చెప్పాను. ఆమె సిగ్గుపడి నా ప్లేటులో ఇంకాస్త రొయ్యల వేపుడు వడ్డించింది. ఇంటికొచ్చాక ఆ థీసిస్ మొదటి పేజీ నుంచి మళ్ళీ చదివాను. అన్నేళ్ళలో ఎర్ర పెన్ను పక్కన పెట్టి చదివింది అదొక్కటే.