శోభనాద్రి తలగుడ్డ

మచిలీపట్నం దగ్గర కాలువ సముద్రంలో కలిసేచోట ఇసుకమేటలు చోటు మారుతూనే ఉంటాయి, దారి తెలియని పడవ ఇరుక్కుపోతుంది. కొత్త పడవ కనబడితే చాలు, జాలరి శోభనాద్రి ఒడ్డునుంచి తలగుడ్డ విప్పి ఊపుతూ దారి చూపేవాడు, ఎవరిదని అడిగేవాడు కాదు. అలా లోపలికొచ్చినవాళ్ళు ఒకసారి ఊరి వలలు ఎత్తుకుపోయినా ఆయన్నెవరూ ఏమీ అనలేదు. ఒంట్లో ఎయిడ్స్ వైరస్ ఉందని తేలాక మాత్రం ఆ చెయ్యి లేవలేదు. తన ఒళ్ళే వైరస్‌కి చోటిచ్చి తనకి ద్రోహం చేసిందని కుమిలిపోయాడు.

ఆస్పత్రిలో మందులిచ్చే జ్యోతిర్మయి ఓపిగ్గా చెప్పింది. "జన్యువుల్ని అంటిపెట్టుకుని ఉండే మన ఒంట్లోని ప్రోటీనే ఒకటి వైరస్‌ని చెయ్యిపట్టుకుని ఆ జన్యువుల దగ్గరికి చేరుస్తుంది బాబాయ్‌గారూ. వచ్చిందెవరో దానికేం తెలుసు?"

"అయితే ద్రోహం కాదన్నమాట!" శోభనాద్రి గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు.

మర్నాడు మేటల దగ్గర కొత్త పడవొకటి తచ్చాడుతోంది. "ఒరే, వలలు లోపల పెట్టుకోండి!" అని ఊళ్ళోకి కేకేసి, తలగుడ్డ విప్పాడు.